పత్తర్‌గట్టి ఎండలో ఒక కొస

పత్తర్‌గట్టిలో మిట్టమధ్యాహ్నం రెండు ఆటోలు, ఒక దానిమ్మపండ్ల బండి, పెళ్లి సామాన్లతో ఉన్న ఒక ట్రాలీ కదలకుండా నిలబడిపోయాయంటే దానికి జులూసు కారణం కాదు, పోలీసులూ కారణం కాదు. పదో తరగతి చదువుతున్న స్వీటీ కారణం.

ఆ రోజు ఆ పిల్ల సుందరమ్మ వెంట బజారుకు వచ్చింది. సుందరమ్మది ఛత్రినాకలో చీరలకు ఫాల్ కుట్టే పని. చీర కింది అంచుకు లోపలివైపు వేసే ఆ పట్టీని ఆమె ప్యాకెట్లలో వచ్చేది ఏనాడూ ముట్టలేదు. నూలు తానులోంచి గుడ్డ కొనాలి, పొడవుగా చింపాలి, నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ పెట్టి, అప్పుడు చేత్తో కుట్టాలి. కుట్టాక ఫాల్ ఎక్కడ మొదలైందో, చీర ఎక్కడ ఆగిందో కట్టుకున్న మనిషికే తెలియకూడదు. రంగు కలవని ఫాల్ వేసుకునే బదులు చిరిగిన చీర కట్టుకోవడం మర్యాద అని ఆమె లెక్క.

ఆ వేళ ఒక నెమలికంఠం చీరకు గుడ్డ కావాల్సి వచ్చింది. బసవయ్య తన మ్యాచింగ్ సెంటర్లో ట్యూబులైటు కింద ఒక తాను విప్పి, "కండ్లు మూసుకొని తీస్కపో అమ్మా, గదే రంగు" అన్నాడు.

"కండ్లు మూసుకునేదుంటే నీ దుకాన్‌కు ఎందుకొస్త సేటూ? ఇటియ్యి, ఎండల సూస్త."

"తాను గడప దాటదమ్మా. మొన్ననే ఒకామె ఎండల సూస్తనని పట్టుకొని, చార్మినార్ దాంక సూసుకుంటనే పోయింది."

"నన్ను దొంగదంటున్నవా? నీ నాయిన గల్లా మీద కూసున్నప్పటి సంది కొంటున్న నీ దుకాన్ల!"

సుందరమ్మ నోరు ఛత్రినాకలో పేరు మోసిన నోరు. ఆ నోటితో ఆమె బసవయ్యను, బసవయ్య ట్యూబులైటును, ఆ ట్యూబులైటు అమ్మినవాణ్ని కూడా కడిగి ఆరేసింది. బసవయ్య చలించలేదు. అలాంటి నోళ్ల మధ్యే ఆయన జుట్టు నెరిసింది. చేతులు కట్టుకొని, పైన తిరిగే ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు స్వీటీ అంది, నింపాదిగా: "సేటూ, ఈ కొస నువ్వు పట్టుకో. ఆ కొస నేను పట్టుకొని బయటికి పోత. సగం తాను నీ దుకాన్లనే ఉంటది గద. నేను ఉరికితే గుంజు."

బసవయ్య కాదనడానికి నోరు తెరిచేలోపే కొస ఆయన చేతిలో ఉంది. పిల్ల నడుస్తూ ఉంది, తాను విప్పుకుంటూ ఉంది. గడప దాటింది, రాతి కమానుల నీడ దాటింది, ఎండ పడే రోడ్డు మీదికి వచ్చి ఆగింది. మధ్యలో గుడ్డ తాడులా బిగిసింది. ఒక బురఖా ఆమె దాన్ని మర్యాదగా పైకెత్తి కింద నుంచి వెళ్లిపోయింది. ఆటోలు ఆగాయి, హారన్లు మోగాయి. స్వీటీ ఎవరినీ లెక్కచేయకుండా చీర అంచును గుడ్డ పక్కన పెట్టింది. దుకాణంలో అచ్చం నెమలికంఠంలా ఉన్న గుడ్డ ఎండలో చిలకపచ్చ అయి కూర్చుంది.

రంగు వేరేనని తీర్పు ముందున్న ఆటో డ్రైవర్ ఇచ్చాడు. "కలర్ అలగ్ హై సేఠ్! అబ్ రాస్తా ఛోడో!"

బసవయ్య కొస వదలకుండానే గడప దాకా వచ్చి చూశాడు. చూసి, నవ్వాడు. ఆ తరువాత ఆయన దుకాణంలో అదే పద్ధతి అయిపోయింది. ఎవరైనా ఎండలో చూస్తామంటే, "ఛత్రినాక కాయిదా" అని ఒక కొస తాను పట్టుకునేవాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో సుందరమ్మ ఆ పిల్లతో ఒక్క మెచ్చుకోలు మాట మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, "రోడ్డు మీద గట్ల నిలబడితే బండి గుద్దుతది. ఇంకోసారి ఫుట్‌పాత్ అంచుకు నిలబడు" అంది. సుందరమ్మకు తెలిసిన మెచ్చుకోలు అదే.

స్వీటీ ఆమెకు చుట్టం కాదు. అదే వాకిట్లో రెండో పోర్షన్‌లో ఉండే కృపాకర్, రాహేలుల బిడ్డ. కృపాకర్ ఆర్టీసీ డిపోలో మెకానిక్, రాహేలు బళ్లో ఆయా. ఇద్దరూ డ్యూటీలకు పోతే పిల్ల సుందరమ్మనే అమ్మమ్మ అనుకుంటూ ఆమె కాళ్ల దగ్గర చింపిన గుడ్డపేలికల్లో పెరిగింది. మాటలు రాకముందే పేలికలు రంగుల ప్రకారం వేరు చేసింది. ఉల్లిపొర రంగును గులాబీలో కలిపినవాళ్ల మీద ఏడ్చింది. బోనాల ముందు సుందరమ్మ కుండకు బొట్లు పెడుతుంటే తనూ కూర్చుని పెట్టింది. చర్చికి పోయే పిల్ల బోనం కుండ ముట్టిందని రాహేలు మొహం ముడిస్తే, "నేను మొక్కుతలేనమ్మా, రంగులేస్తున్న" అని అక్కడా గెలిచింది. క్రిస్మస్‌కు ఇంటి మీద కట్టే వెదురుపుల్లల నక్షత్రానికి కాగితాలు ఎంచింది సుందరమ్మ. ఆ వాకిట్లో లెక్క అలా సరిపోయింది.

డిజైన్ చదువుతానని స్వీటీ అన్నప్పుడు, ఆ పైన స్కాలర్‌షిప్ వచ్చి ఇటలీలో మిలాన్ అనే ఊరికి పోతున్నదని తెలిసినప్పుడు, గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. "బట్టలు కుట్టనీకి గంత దూరం పోవాల్నా?" అన్నారు. "మీరు కట్టుకున్నయి సూస్తే తెలుస్తలేదా, ఈడ ఎవ్వలికి రాదని!" అని సుందరమ్మ అందరి నోళ్లూ ఒక్క మాటతో మూయించింది. పిల్ల పోయేముందు ఆనంద్ బ్లూ అనే నిండు నీలం రంగు నూలు చీర ఒకటి కొని, ఫాల్ వేసి పెట్టెలో పెట్టింది.

ఆ ఫాల్ వేసే నాటికే సుందరమ్మ కళ్ల ముందు సన్నని పొగ ఉంది. వంటింటి పొగ అనుకుంది, వానాకాలపు మబ్బు అనుకుంది. పిల్ల పోయిన కొన్నాళ్లకు, బసవయ్య కోడలు సావిత్రి దుకాణం మెట్లు దిగుతుంటే చీర అంచు తిరగబడింది. సుందరమ్మ ఫాల్ కుట్టిచ్చిన ముదురు నీలం చీర అది. కానీ ఫాల్ మీద ఉన్నది తన కుట్టు కాదు. సావిత్రి కంగారుగా అంచు సర్దుకుంది. "నీలానికి నల్ల ఫాల్ పడ్డదమ్మా, ఇప్పి వేరేది ఏపిచ్చిన... ఏదో తొందరల పడ్డది లే" అంది, చూపు తప్పిస్తూ. ఆ తప్పించిన చూపు సుందరమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మొగుడు శివయ్య, వాటర్ బోర్డులో రిటైరైన మనిషి, నయాన భయాన ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. రెండు కళ్లలోనూ మోతియా ఉంది, శుక్లాల పొర తీసెయ్యాలి అన్నాడు డాక్టరు. "మూతి మీద మీసం సక్కగ రాలే, నా కండ్లల్ల కత్తి పెడ్తడట!" అని ఆమె లేచి వచ్చేసింది. పైకి అన్న మాట అది. లోపల ఉన్న మాట వేరు. కత్తి ఏ కొంచెం జారినా ఉన్న చూపూ పోతుంది. చూపు పోతే ఫాల్ కుట్టే సుందరమ్మ పోతుంది. మిగిలేది నోరున్న ముసలిది. దాని దగ్గరికి ఎవరు వస్తారు?

అందుకని కొత్త కాయిదా పెట్టింది. ఎవరి ఫాల్ గుడ్డ వాళ్లే తెచ్చుకోవాలి. "నా కాళ్లు నొస్తున్నయ్, పత్తర్‌గట్టి దాంక తిరగలేను" అని చెప్పింది. జనం నమ్మారు. శివయ్య నమ్మలేదు కానీ, ఆయనకు ఇంట్లో అన్నం తినాల్సిన అవసరం ఉంది.

అటు మిలాన్‌లో స్వీటీకి చలికాలమంతా ఒకటే గోస. "ఎండనే లేదు అమ్మమ్మా! ఆకాశం అంబలి లెక్క ఉంటది. రంగు యాడ సూడాలె?" అనేది ఫోన్లో. "ఎండ దొరికిన నాడు ఊరు సూడ పోత. నిన్ను గూడ తోల్కపోత" అని మాట ఇచ్చింది. ఎండ చివరికి ఒక ఆదివారం దొరికింది. కృపాకర్, రాహేలు చర్చి వాళ్లతో జల్‌పల్లిలో ఎవరిదో కొత్తింటి ప్రార్థనకు పోయారు. మధ్యాహ్నం అన్నాలు తిని శివయ్య నడుం వాల్చబోతుండగా ఫోన్ మోగింది.

"అమ్మమ్మా! తయారేనా? పోదాం పా!"

శివయ్య ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెట్టాడు. తెర మీద స్వీటీ. ఒంటి మీద సుందరమ్మ ఇచ్చిన చీర, కాళ్లకు తెల్ల బూట్లు.

"పెట్టెల నుంచి ఇయ్యాలనే తీసిన. సూడు, ఎట్లున్న?"

"కుచ్చిళ్లు ఎవ్వలు పెట్టిన్రే? నిద్రల పెట్టినట్టున్నయ్."

"నేనే పెట్టుకున్న."

"గందుకే అడిగిన."

స్వీటీ పక్కన ఇంకో పిల్ల పకపకా నవ్వింది, ఏం అర్థమైందో ఏమో. అది కియారా, తనతో చదివే ఇటలీ పిల్ల అని స్వీటీ చెప్పింది. ఇద్దరూ రైల్లో వెనిస్ వచ్చారు. రోడ్లు ఉండాల్సిన చోట నీళ్లున్న ఊరు అది. ఆ నీళ్ల మీద పెద్ద పడవ ఒకటి రేవు రేవుకూ ఆగి, మనుషులను దించి, ఎక్కించుకుంటోంది.

"గిదేంది, నీళ్లల్ల సిటీ బస్సా?" అంది సుందరమ్మ. "మీ నాయినకు సూపియ్యి, రిపేరుకు రమ్మంటరేమో. కండక్టర్ ఏడి?"

"కండక్టర్ ఉండడు. మన టికెట్ మనమే మిషన్‌కు సూపియ్యాలె."

"ఎవ్వలు సూస్తలేరని ఎక్కేటోళ్లు ఉండరా?" అన్నాడు శివయ్య ఆశగా.

"నువ్వు లేవు గద తాతా ఈడ!"

పడవ కదిలింది. గాలి జోరుగా కొట్టింది. స్వీటీ చీర కుచ్చిళ్లు గొడుగులా లేచాయి. పిల్ల ఒక చేత్తో ఫోన్ పట్టుకొని, ఒక చేత్తో అంచు నొక్కిపట్టి, కిందికి చూసింది. చూసి, అంచు మడత విప్పి ఇంకోసారి చూసింది. కియారా వంగి అంచు పట్టుకొని గలగలా ఏదో అంది.

"ఏమంటుందే ఆ పోరి?"

"ఏం లే అమ్మమ్మా. మంచిగుందంటుంది."

"గంతేనా? గంత పొడుగు మాట్లాడితె?"

"గీళ్లు ముచ్చట ఎక్కువ పెడ్తరు. నీ లెక్కనే."

వాళ్లు దిగింది బురానో అనే చిన్న లంకలో. కాలువ పొడుగునా ఇళ్లు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. చేపలు పట్టేవాళ్లు పొగమంచులో ఇంటికి వచ్చేటప్పుడు తమ ఇల్లు దూరం నుంచే గుర్తుపట్టాలని అలా వేసుకున్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారట. స్వీటీ ఫోన్ తిప్పి ఇళ్లు చూపించడం మొదలుపెట్టింది. మామూలుగా గుక్క తిప్పుకోకుండా మాట్లాడే పిల్ల, ఇప్పుడు తక్కువ మాట్లాడి ఎక్కువ అడుగుతోంది.

"గీ ఇల్లేం రంగు అమ్మమ్మా?"

"దానిమ్మ గింజ. మంచిగేసిన్రు."

"ఇది?"

"మామిడిపండు. బంగినపల్లి కాదు, రసం మామిడి."

"ఇది?"

"మట్టి రంగు."

మంచం మీద శివయ్య కదిలాడు. ఆయనకు ఆ ఇల్లు నిగనిగలాడే వంకాయ రంగులో కనిపిస్తోంది. ఏదో అనబోయి, సుందరమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు.

ఒక దుకాణం ముందు ముసలమ్మ ఒకతె కుర్చీలో కూర్చుని సూదితో లేసు అల్లుతోంది. పక్కన తాడు మీద తెల్లని లేసు గుడ్డలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. సుందరమ్మ ముందుకు వంగింది. ముసలమ్మ వేళ్లు చూసింది, దారం లాగే తీరు చూసింది. "చెయ్యి మంచిదే" అని ఒప్పుకుంది. "గానీ గా గుడ్డలు ఒకసారి ఉతకమని చెప్పు. పసుపెక్కి ఉన్నయ్."

స్వీటీ కాలువ మీది చిన్న వంతెన దాటి, ఇంకో ఇంటి గోడను తెర నిండా చూపించింది.

"అమ్మమ్మా, ఇదొక్కటి చెప్పు. మంచిగ ఎండ పడ్డది దీని మీద."

"చిలకపచ్చ" అంది సుందరమ్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"సరే." స్వీటీ ఫోన్ కియారా చేతికిచ్చి, వెళ్లి ఆ గోడకు ఆనుకుని నిలబడింది.

సుందరమ్మ చూసింది. పిల్ల ముఖం కనిపించింది, చేతులు కనిపించాయి, బూట్లు కనిపించాయి. చీర కనిపించలేదు. గోడలో గోడ అయిపోయింది. రెండు రంగులు కలిశాయా లేదా అన్నది చెప్పడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కలిశాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఆ చీర ఆనంద్ బ్లూ. తన చేతులతో, పేరు చెప్పించుకొని కొన్న ఆనంద్ బ్లూ. మరి గోడ చిలకపచ్చ ఎట్లా అవుతుంది?

సుందరమ్మ కొంగుతో ఫోన్ తెర తుడిచి మళ్లీ చూసింది.

"ఫోన్ల రంగు నమ్మరాదు" అంది సుందరమ్మ చివరికి. "ట్యూబులైటు అసొంటిదే ఇది."

"తాతా, నీకేం రంగు కనిపిస్తుంది?"

శివయ్య భార్య వంక చూశాడు. జీవితంలో మొదటిసారి ఆమె ఆయన నోటి మాట కోసం ఎదురుచూస్తోంది. "నీలం బిడ్డా" అన్నాడు మెల్లగా. "ఆనంద్ బ్లూ."

"పరీక్ష పెడ్తున్నవా నాకు?" సుందరమ్మ గొంతు లేచింది. "దానిమ్మ గింజ నేర్పింది నేను, ఉల్లిపొర నేర్పింది నేను, ఇటలీ పోంగనే నాకే పరీక్ష పెడ్తవానే?"

స్వీటీ ఫోన్ తీసుకొని అక్కడి మెట్టు మీద కూర్చుంది. ముఖం దగ్గరగా పెట్టుకుంది. కళ్లలో నీళ్లున్నాయి. దాచుకోలేదు.

"పడవల గాలికి అంచు తిరగబడ్డది అమ్మమ్మా. ఫాల్ పచ్చగుంది. ఆకుపచ్చ. కియారా ఏమన్నదో తెలుసా? కావాల్నని పెట్టిన్రు, నడుస్తుంటే మెరుస్తది, మస్తుంది అన్నది. మా క్లాసుల సూపిస్తే అందరు గట్లనే అంటరు. నేను గూడ అవునని ఊకోవచ్చు. గానీ నువ్వు గట్ల కుట్టవ్. సచ్చినా కుట్టవ్."

సుందరమ్మ ఒళ్లో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకొని కూర్చుంది. సావిత్రి చూపు తప్పించినప్పుడు కోపం వచ్చింది. డాక్టరు చెప్పినప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రావాల్సిన కోపం ఎక్కడికి పోయిందో రాలేదు. పొగ వెనక నుంచి పిల్ల ముఖం మసకగా కనిపిస్తోంది. ఏడుస్తున్నదని గొంతును బట్టే తెలిసింది.

"ఏడ్వకే. చీర మీద పడ్తయ్, ఉప్పు మరకలైతయ్" అంది. ఆపైన ఎప్పుడూ ఎవరితో అనని మాట అంది. "భయమైతుంది బిడ్డా. ఉన్నది గూడ పోతే? కండ్లు లేని సుందరమ్మతోని ఎవ్వలికి పని?"

శివయ్య చెంబు పక్కకు జరిపాడు, ఫోన్ చేత్తో పట్టుకున్నాడు. "నాకుంటది పని" అన్నాడు. "నీ తిట్లు లేకుంటే నాకు అన్నం అరగదు."

"మజాక్ చెయ్యకు."

"మజాక్ కాదు."

స్వీటీ కొంగుతో ముఖం తుడుచుకుంది. బడాయిగా, అచ్చం పత్తర్‌గట్టిలో ఆనాడు నిలబడ్డట్టు, మెడ నిటారుగా పెట్టింది.

"అమ్మమ్మా, నేను డాక్టర్ సంగతి చెప్పను. ఆపరేషన్ అనను. నీ కండ్లు, నీ ఇష్టం. నాకొక్క పని చేసిపెట్టు సాలు."

"ఏంది?"

"ఈ ఫాల్ నేను ఇప్ప. ఎవ్వలతోని ఇప్పియ్య. ఇయ్యాల ఊరంతా గిట్లనే తిరుగుత, ఎవ్వలన్న అడిగితే మా అమ్మమ్మ కుట్టిందని చెప్త. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు చీర తెస్త. మనిద్దరం బసవయ్య సేటు దుకాన్‌కు పోదాం. కొత్త తాను ఇప్పిద్దాం."

"పోయి?"

"ఈసారి లోపలి కొస నేను పట్టుకుంట. గట్టిగ పట్టుకుంట, ఫికర్ జెయ్యకు. బయటికి నువ్వు పోవాలె. ఫుట్‌పాత్ అంచుకు, ఎండల నిలబడి, రంగు కలిసిందా లేదా నువ్వే సూసి నాకు చెప్పాలె."